'రోలింగ్ ట్రక్ స్టోన్స్' అంటే ఏమిటండీ?

ఇంగ్లిష్ రాక్ బృందం డీప్ పర్పుల్ వాళ్ల 'స్మోక్ ఆన్ ది వాటర్' (నీటి మీద పొగ) పాట మూడో చరణంలో 'రోలింగ్ ట్రక్ స్టోన్స్ థింగ్' అని వస్తుంది. దొర్లే లారీ రాళ్లా? అసలు పాటంతా గంజాయి గురించేనని మా రూమ్మేట్ వాదన. తెలిసినవాళ్లు చెప్పగలరు.

— రాళ్లు కావండీ, రోలింగ్ స్టోన్స్ బృందం. లారీలో బిగించిన రికార్డింగ్ స్టూడియో ఒకటి వాళ్లకుండేది. దాన్ని తెప్పించుకుని 1971 డిసెంబరులో డీప్ పర్పుల్ స్విట్జర్లాండ్‌లోని మాంత్రో వెళ్లింది, అక్కడి కేసినోలో 'మెషిన్ హెడ్' ఆల్బమ్ చేద్దామని. పాటలో ఆ బృందం పేరును విరిచి, నడుమ ట్రక్కును ఇరికించారు. నాకైతే పాట మొత్తంలో చమత్కారం అదొక్కటే.

— గంజాయి కాదు తమ్ముడూ. డిసెంబరు 4న ఆ కేసినోలో అమెరికన్ రాక్ సంగీతకారుడు ఫ్రాంక్ జప్పా కచేరీ. జనంలో ఎవడో ఫ్లేర్ గన్ (సంకేతంగా మంట వదిలే తుపాకీ) పేల్చాడు, కేసినో తగలబడిపోయింది. పొగ జెనీవా సరస్సు మీద పరుచుకుంటుంటే వీళ్లు హోటల్లోంచి చూశారు. కొన్నాళ్లకి వాళ్ల బాస్ గిటారిస్ట్ రోజర్ గ్లోవర్ నిద్రలేస్తూనే 'స్మోక్ ఆన్ ది వాటర్' అని పైకి అన్నాడట. మత్తు పాట అనుకుంటారేమోనని ముందు వాళ్లే జంకారు, మీ రూమ్మేట్‌ని ఏమనగలం!

— ఇందులో కవిత్వం ఎక్కడుందండీ? ఎవరొచ్చారు, ఏది కాలింది, తర్వాత ఎక్కడికి పోయారు... పోలీసు పంచనామాలా ఉంది.

— పంచనామా కాబట్టే బాగుంది సార్. పాటలో మంటల్లోంచి పిల్లల్ని బయటికి లాగిన 'ఫంకీ క్లాడ్' కూడా నిజం మనిషే, మాంత్రో జాజ్ ఉత్సవం పెట్టిన క్లాడ్ నాబ్స్. పైగా ఇది బాణీకి రాసిన పాట. వాళ్ల గిటారిస్ట్ రిచీ బ్లాక్‌మోర్ రిఫ్‌తో (పదేపదే వచ్చే చిన్న గిటార్ బాణీ) ట్రాక్ ముందే పెవిలియన్ అనే థియేటర్‌లో అయిపోయింది. ఆ రాత్రి మోతకి ఊరు లేచి పోలీసులొస్తే, రికార్డింగ్ పూర్తయ్యేదాకా బృందం మనుషులు తలుపులు అదిమిపట్టుకున్నారు. అక్కణ్ణుంచి తరిమేశాక, చలికాలం మూతపడ్డ గ్రాండ్ హోటల్ వరండాల్లో మిగతా ఆల్బమ్. చరణంలో పాత పరుపుల ప్రస్తావన అందుకే, శబ్దం ఆపడానికి అడ్డం పెట్టినవి.

— భలే. మరి చివర ఆ 'థింగ్' ఎందుకు?

— పేరు నోటికి రానప్పుడు మనం 'ఆ లారీ ఏదో ఉందిగా' అనమూ? అంతే.