లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1: సెట్‌క్యాప్ ఇవ్వగానే మళ్లీ లైబ్రరీ దొరకట్లేదు

ఉబుంటు 22.04, 64-బిట్. సోర్స్ కోడ్ లేని ఒక పాత సర్వర్ ప్రోగ్రామ్ నడపాలి. దానికి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1 ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ ఫైలు లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్.ఎస్‌ఓ.1.1 కావాలి, 22.04లో ఉన్నదేమో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3.0. ఆ ప్రోగ్రామ్‌కు కొత్త వెర్షన్ ఇక రాదట.

చాలామంది చెప్పినట్టు ముందు ఎస్‌ఓ.3కి 1.1 పేరుతో సిమ్‌లింక్ (ఆ ఫైలుకే మరో పేరు) పెట్టాను. 'ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్_1_1_0 వెర్షన్ దొరకలేదు' అంది. పేరు మారిస్తే లోపలి సింబల్ వెర్షన్లు మారవు కదా, ఆ లింక్ తీసేశాను. 1.1 ఉన్న పాత ఉబుంటు 20.04 రిపాజిటరీని కలపడం నాకు ఇష్టం లేదు, రేపు ఏ అప్‌గ్రేడ్ దగ్గర తిరగబడుతుందో తెలియదు. అందుకే 1.1.1డబ్ల్యూని సోర్స్ నుంచి కట్టి ఓపీటీ కింద విడి ఫోల్డర్‌లో పెట్టి, లైబ్రరీలు ఎక్కడ వెతకాలో చెప్పే ఎల్‌డీ_లైబ్రరీ_పాత్ వేరియబుల్‌లో దాని దారి ఇచ్చాను. 8443 పోర్టు మీద చక్కగా నడిచింది.

కానీ నాకు కావాల్సింది 443. రూట్‌గా నడపకుండా, సెట్‌క్యాప్‌తో ఆ బైనరీకి (ప్రోగ్రామ్ ఫైలుకి) క్యాప్_నెట్_బైండ్_సర్వీస్, అంటే 1024 కంటే తక్కువ పోర్టులు వాడుకునే క్యాపబిలిటీ, ఇచ్చాను. అంతే, మళ్లీ 'లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్.ఎస్‌ఓ.1.1 తెరవలేకపోయాం' అనే పాత ఎర్రరే. తమాషా ఏమిటంటే అదే టెర్మినల్‌లో ఏ లైబ్రరీ ఎక్కడ దొరుకుతోందో చూపే ఎల్‌డీడీ కొడితే లైబ్రరీ దారి సరిగ్గానే చూపిస్తోంది! క్యాపబిలిటీ ఉన్న బైనరీకి, లైబ్రరీలను కలిపే లోడర్ ఎల్‌డీ_లైబ్రరీ_పాత్‌ను పట్టించుకోదని మ్యాన్ పేజీలో చదివాక గాని విషయం అర్థం కాలేదు.

ప్యాచెల్ఫ్‌తో బైనరీలోనే లైబ్రరీ దారి (రన్‌పాత్) రాసి చూశాను. ప్రోగ్రామ్ తన చెక్‌సమ్ తానే సరిచూసుకుంటుంది, ఫైలు మారిందని ఆగిపోయింది. సిస్టమ్ అంతటికీ లైబ్రరీ దారులు చెప్పే ఎల్‌డీ.ఎస్‌ఓ.కాన్ఫ్.డీలో ఆ ఫోల్డర్ చేరిస్తే పని అవుతుందేమో గాని, పాత లైబ్రరీని సిస్టమ్ మొత్తానికి తెరిచిపెట్టాలని లేదు.

దీన్ని చివరికి సిస్టమ్‌డీ సర్వీస్‌గానే నడుపుతాను. బైనరీని ముట్టుకోకుండా, ఈ ఒక్క ప్రోగ్రామ్‌కే 1.1 లైబ్రరీ కనిపిస్తూ, రూట్ లేకుండా 443 పోర్టు కూడా దక్కేలా ఆ సర్వీస్ సెట్టింగులు ఉండే యూనిట్ ఫైలులో ఏం రాయాలి?