కార్బన్ పలకల అతుకులో బోల్టు బిగింపు ఇచ్చే బలాన్ని లెక్కలోకి తీసుకోవచ్చా?

గుణుపురం విద్యార్థి:
విమానాల కార్బన్ ఫైబర్ పలకలను బోల్టులతో కలిపే అతుకులపై ప్రాజెక్టు చేస్తున్నాను. బోల్టు బాగా బిగిస్తే రంధ్రం అంచున పొరలు విడిపోవు, అతుకు ఎక్కువ బరువు మోస్తుంది. పరీక్షల్లో తేలిన మాటే. అయినా నట్టును వేళ్లతో తిప్పి వదిలితే ఎంత బలం ఉంటుందో అంతే లెక్కలోకి తీసుకోమని మా గైడ్ అంటున్నారు. బోయింగ్ 787 బరువులో సగం ఇలాంటి పోగులు, జిగురు కలిసిన కాంపోజిట్లే. చేతిలో ఉన్న బలాన్ని వదులుకోవడం ఎందుకు?

సునాబెడ ఫిట్టర్:
ముప్పై ఏళ్లు ఇంజిన్ల దగ్గర పానా పట్టాను. రెక్కల పని నాది కాదు, ముందే చెబుతున్నాను. చెప్పిన టార్కుకు బిగించిన బోల్టు పట్టు వదలదు. దాన్ని లెక్కలో వేయకపోవడం పిరికితనం.

పర్లాకిమిడి మాస్టారు:
ఫిట్టర్ గారూ, పానా చూపేది తిప్పడానికి పట్టిన బలం. అందులో సుమారు సగం నట్టు కింద రాపిడికి, నూటికి నలభై పాళ్లు మరలోని రాపిడికి పోతాయి. బోల్టును సాగదీసేవి మిగిలిన పది పాళ్లే. మరలో నూనె చుక్క పడినా ఆ పది మారిపోతుంది.

ఇక చలి సంగతి. కార్బన్ పలక పోగుల వెంట దాదాపు వ్యాకోచించదు. మందం దిశలో మాత్రం పోగులను అతికించే జిగురు, అంటే రెసిన్‌దే రాజ్యం, మీటరుకు డిగ్రీకి సుమారు 30 మైక్రాన్లు. టైటానియానికి 9. పదకొండు కిలోమీటర్ల ఎత్తున బయట మైనస్ 56 డిగ్రీలు. షెడ్డులో 20 డిగ్రీల దగ్గర బిగించిన 10 మిల్లీమీటర్ల పలక అక్కడికి వెళ్లేసరికి బోల్టుకంటే 16 మైక్రాన్లు ఎక్కువ కుంచించుకుంటుంది. 300 మెగాపాస్కల్ ఒత్తిడితో బిగిస్తే ఆ బోల్టు సాగేది 27 మైక్రాన్లే. సగానికి పైగా బిగింపు గాలిలో కలిసినట్టే.

గుణుపురం విద్యార్థి:
మాస్టారూ, బోల్టు సాగినట్టే పలక కూడా నలిగి ఉంటుంది కదా! మందం దిశలో దాని బిరుసుతనం సుమారు 10 గిగాపాస్కల్, టైటానియానిది 110. నొక్కుడు పడే వైశాల్యం బోల్టు అడ్డుకోతకు మూడున్నర రెట్లు అనుకుంటే పలక 85 మైక్రాన్లు నలుగుతుంది. మొత్తం 112లో 16 పోతే ఏడో వంతు నష్టం. సగం కాదు.

పర్లాకిమిడి మాస్టారు:
తప్పు నాదే బాబూ, ఒప్పుకుంటున్నాను. అయితే ఆ మెత్తదనాన్నే నమ్ముకోకు. ఎండలో నిలిపిన విమానం రెక్క పైభాగం 70 డిగ్రీలు దాటవచ్చు. పలక ఉబ్బి బిగింపు పెరుగుతుంది, వేడికి రెసిన్ వాషర్ కింద మెల్లగా ఒదుగుతుంది. చల్లారాక ఆ ఒదుగుడు పూర్తిగా తిరిగి రాదు. తేమ పీల్చుకున్న పలకలో ఇది ఇంకా త్వరగా జరుగుతుంది.

జయపురం వడ్రంగి:
విమానాలు నాకు తెలియవు, మంచాలు తెలుసు. వానాకాలంలో బిగించిన బోల్టు ఎండాకాలానికి చేత్తోనే తిరుగుతుంది. చెక్క నిలువునా కుంచించుకోదు, అడ్డంగానే కుంచించుకుంటుంది. ఉబ్బినప్పుడు వాషర్ కింద పడిన గుంట మాత్రం అలాగే మిగులుతుంది. మీ పలకదీ చెక్క బుద్ధే. మా దగ్గర ఉన్న మందు వెడల్పాటి వాషరు.

సునాబెడ ఫిట్టర్:
అలాగైతే బిగించడం దేనికి? వేళ్లతో తిప్పి వదిలేయమనండి!

పర్లాకిమిడి మాస్టారు:
వదిలేస్తే రంధ్రంలో బోల్టు కదిలి కదిలి అంచును తినేస్తుంది. మరీ బిగిస్తే వాషర్ కింద రెసిన్ చితుకుతుంది. చెప్పినంత బిగించాలి, ఆ లాభాన్ని మాత్రం ఖాతాలో రాసుకోకూడదు.

సునాబెడ ఫిట్టర్:
సరే, ఖాతా మీదే. కానీ మీరంతా ఒక్క బోల్టు చుట్టూ తిరుగుతున్నారు. కార్బన్ పలకకు అల్యూమినియం పట్టీని వరుస బోల్టులతో బిగించారనుకోండి. అల్యూమినియానికి 23, పలకకు పొడవునా సుమారు 3. చివరి బోల్టుల మధ్య 300 మిల్లీమీటర్లుంటే, అదే చలికి పట్టీ 0.45 మిల్లీమీటరు ఎక్కువ కుంచించుకుంటుంది. రంధ్రంలో ఉండే ఖాళీ అందులో ఏ మూలకూ చాలదు. బయటి బరువు ఇంకా పడకముందే చివరి బోల్టులు రంధ్రాల అంచులను నొక్కుతుంటాయి.

గుణుపురం విద్యార్థి:
చివరి రంధ్రాలు కాస్త వదులుగా వేస్తే సరిపోదా?

సునాబెడ ఫిట్టర్:
చలి గొడవ తగ్గుతుంది. అప్పుడు బరువంతా మధ్య బోల్టుల మీద పడుతుంది. టైటానియం పట్టీ వేసి చూడు, తేడా 23 బదులు 9తో వస్తుంది. రెండు లెక్కలూ వేసి ఇక్కడే పెట్టు, మాస్టారు దిద్దుతారు.