బాబుకి ఆటిజం. పాపకి ఎంఆర్ టీకా వేయించాలా, ఆపాలా?

ఖమ్మం నాన్న:
మా బాబుకి ఐదేళ్లు. రెండున్నరేళ్లప్పుడు ఆటిజం అని తేల్చారు. వాడికిప్పుడు ఐదేళ్ల డీపీటీ బూస్టర్ పడాలి. పాపకి తొమ్మిది నెలలు నిండాయి, ఎంఆర్ (తట్టు, రుబెల్లా రాకుండా వేసే టీకా) మొదటి డోసు వేయించమని ఆశా అక్క రెండుసార్లు ఇంటికొచ్చి చెప్పింది. మా అమ్మ ఒప్పుకోవట్లేదు. "వాడు అమ్మ, అత్త అనేవాడు. ఏడాదిన్నరకి ఆ సూదిమందు వేయించాకే మాటలు పోయాయి, దీన్ని కూడా అలాగే చేస్తారా" అని ఏడుస్తోంది. అమెరికాలో ఉన్న బావమరిది ఇంకో టెన్షన్ పెట్టాడు. టీకాలకీ ఆటిజానికీ సంబంధం లేదన్న మాట మీద అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీయే 2025 నవంబరులో వెనక్కి తగ్గిందట. వేయించినవాళ్లు, ఆపినవాళ్లు ఇద్దరూ చెప్పండి.

మియాపూర్ అమ్మ:
నేను ఆపేశాను. పెద్దోడికి పదహారో నెలలో బూస్టర్ వేయించిన మూడు వారాలకే మాటలు తగ్గిపోయాయి. కాకతాళీయం అన్నారు డాక్టర్లు. నేను నా కళ్లతో చూశాను. చిన్నోడికి ఆరో నెల తర్వాత ఏదీ వేయించలేదు, వాడు గలగలా మాట్లాడుతున్నాడు. దయచేసి చదువులేనిదానిలా చూడొద్దు, నేను బీటెక్ చేశాను. ఒక బిడ్డ విషయంలో దెబ్బ తిన్నాక ఏ తల్లికైనా చెయ్యి వణుకుతుంది.

విజయనగరం అమ్మ:
మియాపూర్ అక్కా, రెండేళ్లు నేనూ ఆ తారీఖునే పట్టుకుని కూర్చున్నా. మా అమ్మాయి టీకాల కార్డులో బూస్టర్ తేదీ చుట్టూ ఎర్ర పెన్నుతో గీసి పెట్టుకున్నా. ఒకరోజు థెరపిస్టు, మొదటి పుట్టినరోజు వీడియో ఉంటే తెమ్మంది. నా ఫోన్లో మూడు నిమిషాలది ఉంది. కేకు ముందు అందరూ పేరు పెట్టి పిలుస్తున్నారు. మా నాన్న ఒక్కరే తొమ్మిదిసార్లు పిలిచారు, లెక్కపెట్టాను. అది ఒక్కసారీ తల తిప్పలేదు. బెలూన్ దారం వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ దాన్నే చూస్తోంది. అప్పుడు "సిగ్గుపడుతోంది" అని నవ్వుకున్నాం. బూస్టర్ వేయించింది ఆ తర్వాత నాలుగు నెలలకి.

చాలామంది పిల్లల్లో ఆటిజం గుర్తులు ఏడాదికే ఉంటాయి, మనకి తెలిసొచ్చేది మాటలు రావాల్సిన వయసులో. కొందరికి వచ్చిన మాటలు పోయేది కూడా ఏడాదిన్నర, రెండేళ్ల మధ్యే. మన దగ్గర బూస్టర్లు వేసేది 16 నుంచి 24 నెలల మధ్య. రెండూ ఒకే కాలంలో వచ్చి పడతాయి. జపాన్ 1993లో ఎంఎంఆర్ టీకా (మన ఎంఆర్‌కి గవదబిళ్లల టీకా కలిపినది) ఆపేసింది. ఆ తర్వాత పుట్టిన పిల్లల్లో కూడా అక్కడి యోకొహామా నగరంలో ఆటిజం కేసులు తగ్గలేదు, పెరుగుతూనే పోయాయి.

ఈ అనుమానం ఊరూరా పాకింది 1998లో, లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఆండ్రూ వేక్‌ఫీల్డ్ అనే బ్రిటన్ డాక్టరు 12 మంది పిల్లల మీద రాసిన పేపర్‌తో. టీకా కంపెనీల మీద కేసు నడుపుతున్న లాయరు నుంచి ఆయనకి డబ్బు అందిందని తర్వాత బయటపడింది. 2010లో లాన్సెట్ ఆ పేపర్‌ని వెనక్కి తీసుకుంది, బ్రిటన్ డాక్టర్ల జాబితాలోంచి ఆయన పేరు కొట్టేశారు.

ఖమ్మం అన్నా, మీ పాప విషయానికొస్తే డెన్మార్క్‌లో 6,57,461 మంది పిల్లల రికార్డులు చూసి 2019లో ఫలితం చెప్పారు. ఎంఎంఆర్ వేసినవాళ్లలో ఆటిజం ఎక్కువేమీ లేదు. అన్నకో అక్కకో ఆటిజం ఉన్న పిల్లల్ని విడిగా చూసినా అంతే. అన్నకి ఉంటే చెల్లికి వచ్చే అవకాశం మామూలు కంటే ఎక్కువే, అది దాచి లాభం లేదు. కానీ టీకా ఆపితే అది తగ్గదు, తట్టు వచ్చే ప్రమాదం మాత్రం దానికి తోడవుతుంది. ఇక సీడీసీ అంటారా, వెబ్‌సైట్‌లో మాట మార్చింది నిజమే. డెన్మార్క్ లెక్క తప్పని తేల్చిన కొత్త పరిశోధన వచ్చి కాదు. సీడీసీ ఉండేది అక్కడి ఆరోగ్యశాఖ కిందే, ఇప్పుడు ఆ శాఖ చూస్తున్న రాబర్ట్ కెనడీ జూనియర్ ఏళ్ల తరబడి టీకాల మీద అనుమానాలు చెబుతూ వచ్చినవాడే.

మియాపూర్ అమ్మ:
మా పెద్దోడి వీడియో తీసి చూడాలంటే భయంగా ఉంది. సరే, ఒకటి చెప్పండి. చిన్నోడికి జ్వరం వస్తే ఫిట్స్ వస్తాయి. టీకా వేయించమనేవాళ్లెవరూ ఆ మాట ఎత్తరేం?

ఏఎన్ఎం, పదహారేళ్ల సర్వీసు:
అడగాల్సిన మాటే అడిగారమ్మా. ఎంఎంఆర్ వేశాక ఒకటి, రెండు వారాల్లో జ్వరం రావచ్చు. మూడు, నాలుగు వేల డోసులకి ఒకరికి ఆ జ్వరంలో ఫిట్స్ వస్తాయి. చాలావరకు కొద్ది నిమిషాల్లో ఆగిపోతాయి, వాటివల్ల ఆటిజం రాదు. మీ చిన్నోడి విషయం ముందు న్యూరాలజిస్టుతో మాట్లాడండి. ఇంకో సంగతి. ఫిట్స్ కోసం వారాల తరబడి ఎక్కువ మోతాదు స్టెరాయిడ్ వాడిన పిల్లలకి ఎంఆర్ వెంటనే వేయకూడదు, మందు ఆపాక కనీసం నెల ఆగాలి. ఇలాంటివాటికి వాయిదా వేస్తాం. ఆటిజం ఉందని వాయిదా వేయం.

ఖమ్మం తమ్ముడూ, బాబుని మామూలుగా బుధవారం, శనివారం రద్దీలో తేవద్దు. పసిపిల్లల ఏడుపులకి ఈ పిల్లలు చెవులు మూసుకుని నేల మీద పడిపోతారు. ముందురోజే ఫోన్ చేసి మొదటి నంబరు అడగండి. పిలిచేదాకా ఆటోలోనే ఉంచండి. మా సెంటర్‌కి వచ్చే ఒక బాబు స్పిరిట్ వాసనకే వాంతి చేసుకునేవాడు. చెయ్యి ఇంట్లోనే సబ్బుతో కడిగి తెమ్మని, నీళ్లలో తడిపిన దూదితో తుడిచి వేశాను. వాళ్ల నాన్న ఒళ్లో ఎదురుగా కూర్చోబెట్టుకుని గుండెకి హత్తుకున్నాడు, వాడు నాన్న భుజం మీదుగా ఫోన్లో రైలు చూస్తున్నాడు. నలుగురు కలిసి బల్ల మీద అదిమి పట్టుకుంటే మళ్లీ ఆ గేటు దాటరు. నొప్పి ఉండదని అబద్ధం చెప్పకండి. ఐదు లెక్కపెట్టేసరికి అయిపోతుందని చెప్పండి.

ఖమ్మం నాన్న:
రాత్రి అమ్మకి ఇదంతా చదివి వినిపించా. చాలాసేపు మాట్లాడలేదు. పొద్దున లేచి "పాపకి వేయించు. వాడికి వేసేటప్పుడు నేనూ వస్తా, నా ఒళ్లో కూర్చోబెట్టుకుంటా" అంది. బుధవారానికి మొదటి నంబరు చెప్పి పెట్టా. మియాపూర్ అక్కా, తప్పిపోయిన ఎంఆర్ ఐదేళ్లు నిండేదాకా వేస్తారని ఆశా అక్క చెప్పింది.

మియాపూర్ అమ్మ:
చిన్నోడికి మూడున్నర. శుక్రవారం న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్తున్నాం, కార్డు కూడా పట్టుకెళ్తా. వీడియో ఇంకా చూడలేదు.