పాత వాటర్ స్లైడ్‌లో దెబ్బ తగిలితే పూచీ ఎవరిది?

మాది బరంపురం. పోయిన ఆదివారం పిల్లల గోల పడలేక ఆంధ్రా వైపు ఉన్న ఒక పాత వాటర్ పార్కుకి వెళ్లాం. స్లైడ్‌లో ఫైబర్ ముక్కలు కలిసే చోట అతుకు లేచి ఉంది. పదకొండేళ్ల మా మేనల్లుడికి అక్కడే మోచెయ్యి కోసుకుపోయి నాలుగు కుట్లు పడ్డాయి. అడిగితే "బోర్డు చూడలేదా, ఎక్కేవాళ్లదే పూచీ" అన్నారు.

నిజం చెప్పాలంటే మావాడి తప్పూ ఉంది. వెల్లకిలా పడుకుని, చేతులు గుండెల మీద కట్టుకుని, కాళ్లు దగ్గరగా పెట్టి జారాలి కదా. వాడు మధ్యలో లేచి కూర్చుని చెయ్యి చాచాడు. కానీ పైన నిలబడి ఇదంతా చెప్పాల్సిన కుర్రాడు ఫోన్ చూసుకుంటున్నాడు. ముందు జారినవాళ్లు కింద నీళ్లలోంచి బయటికి రాకుండానే తర్వాతవాళ్లని వదిలేస్తున్నాడు! అది చూసి మా అక్కకి ముందే టెన్షన్ పట్టుకుంది.

2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద రెండేళ్లలోపు, మనం ఉండే జిల్లాలోనే ఫిర్యాదు చేయొచ్చు. అంటే మాకు గంజాం జిల్లా కమిషన్. నా అనుమానం వేరే. పిల్లాడు సరిగ్గా జారలేదన్న మాట మా మీదికే తిరుగుతుందా? ఆ బోర్డు చూపించి వాళ్లు తప్పించుకోగలరా? ఆస్పత్రి చీటీ, టికెట్లు ఉన్నాయి. ఆ కంగారులో అతుకు ఫొటో మాత్రం తీయలేదు. ఇప్పుడు వెళ్లి తీసినా పనికొస్తుందా? ఇలాంటి కేసు వేసినవాళ్లు ఉంటే కాస్త చెప్పండి.