చర్చ: షవాలియె లీల్‌ను వదిలి పీఎస్‌జీకి వెళ్లడం తొందరపాటా?

కుడిపోస్టు:
ఫ్రాన్స్ ఫుట్‌బాల్ గోల్‌కీపర్ లూకాస్ షవాలియె పీఎస్‌జీ (పారిస్ సెయింట్-జర్మెన్)లో ఒక్క గోల్ వదిలితే చాలు, "23 ఏళ్లకే పెద్ద క్లబ్బు ఎందుకు, హాయిగా లీల్‌లో ఉండాల్సింది" అనే మాట మొదలవుతోంది. నేను ఒప్పుకోను. అతను వచ్చిన దారి చూసి మాట్లాడదాం.

పుట్టింది 2001లో, కలేలో. లీల్ అకాడమీ కుర్రాడు. 2021-22లో వాలెన్సియెన్‌కు లోన్ మీద, అంటే ఒక సీజన్ పాటు ఆడి రమ్మని పంపారు. రెండో డివిజన్, అందులోనూ అడుగున పోరాడుతున్న జట్టు. అలాంటి చోట గోల్‌కీపర్‌కి వారం వారం చేతినిండా పని. తిరిగొచ్చాక మొదట్లో లీల్ మొదటి గోల్‌కీపర్ లియో జార్దిమ్ వెనక బెంచ్ మీద కూర్చున్నాడు. ఆ 2022-23 సీజన్ సగం కాకముందే చోటు తనదైంది, జార్దిమ్ బ్రెజిల్ దారి పట్టాడు. 2024 అక్టోబరులో లీల్ రియల్ మాడ్రిడ్‌ను 1-0తో, అదే నెలలో అట్లెటికో మాడ్రిడ్‌ను వాళ్ల మైదానంలోనే 3-1తో ఓడించినప్పుడు గోల్‌లో ఉన్నది ఇతనే. 2024-25కి ఫ్రెంచ్ లీగ్ ఉత్తమ గోల్‌కీపర్ అవార్డు కూడా ఇతనికే. లీల్ మాత్రం ఆ సీజన్ ఐదో స్థానంలో ఆగింది, అంటే తర్వాతి ఏడాది ఛాంపియన్స్ లీగ్ (యూరప్ క్లబ్బుల అతి పెద్ద పోటీ) లేదు. అక్కడే ఉండి ఇంకేం నేర్చుకోవాలి?

వింగ్‌బ్యాక్:
అవార్డుల గురించి గొడవ లేదు. ఆట తీరే వేరు అంటున్నాను. లీల్‌లో అతని మీదకు షాట్లు వస్తూనే ఉండేవి, చేతులు వేడిగా ఉండేవి. పీఎస్‌జీలో బంతి ఎప్పుడూ అవతలి సగంలోనే. ముప్పావు గంట ఖాళీగా నిలబడి, ఒక్కసారిగా ఒంటరిగా దూసుకొచ్చేవాణ్ణి ఆపాలి. కుర్రవాళ్లకు అది అన్నిటికన్నా కష్టం. పైగా ఎవరి స్థానంలోకి వెళ్లాడు? కొన్ని వారాల ముందే పీఎస్‌జీకి ఛాంపియన్స్ లీగ్ గెలిపించిన గోల్‌కీపర్ డొన్నరుమ్మా స్థానంలోకి. దాదాపు 40 మిలియన్ యూరోలు పెట్టి కొన్నారు కాబట్టి ప్రతి తప్పునూ ఆ డబ్బుతో కొలుస్తారు.

2025 ఆగస్టు 13, ఇటలీలోని ఉదీనెలో ఇంగ్లండ్ క్లబ్బు టాటెన్‌హామ్‌తో యూరప్ సూపర్ కప్ చూశారుగా. మనకు అర్ధరాత్రి పన్నెండున్నరకు మొదలైంది. పీఎస్‌జీ తరఫున అతనికి అదే మొదటి మ్యాచ్. రెండో సగం మొదలైన కాసేపటికే టాటెన్‌హామ్ ఆటగాడు రొమేరో తలతో కొట్టిన బంతి చేతులకు తగిలి కూడా లోపలికి పోయింది. 0-2. లీల్‌లో ఇలాంటివి ఆపేవాడు. టెన్షన్ కాక మరేమిటి?

కుడిపోస్టు:
ఆ మ్యాచ్ అక్కడితో ఆపేస్తే ఎలా? 85వ నిమిషంలో లీ కాంగ్-ఇన్, ఆఖర్లో గొంసాలో రామోస్ కొట్టి 2-2 చేశారు. సమమయ్యాక పెట్టే పెనాల్టీ షూటౌట్‌లో పీఎస్‌జీ మొదటి పెనాల్టీనే వితిన్యా బయటికి కొట్టాడు. ఆ స్థితిలో టాటెన్‌హామ్ ఆటగాడు వాన్ డె వెన్ పెనాల్టీని ఆపింది ఈ కుర్రాడే. 4-3తో కప్పు వచ్చింది. చెయ్యి జారిన గంట తర్వాత అంత నిబ్బరంగా నిలబడగలిగాడంటే అది నాకు మామూలు విషయం కాదు. అంతకుముందు ఏడాది ఆస్టన్ విల్లాతో కాన్ఫరెన్స్ లీగ్ షూటౌట్‌లో లీల్ ఓడిపోయినా బెయిలీ పెనాల్టీని ఆపింది కూడా ఇతనే.

డొన్నరుమ్మా సంగతి: పీఎస్‌జీ కోచ్ లూయిస్ ఎన్రికే తనకు వేరే రకం గోల్‌కీపర్ కావాలనీ, నిర్ణయం పూర్తిగా తనదేననీ బహిరంగంగానే చెప్పాడు. వెనక నుంచి కాలితో ఆట మొదలుపెట్టేవాడు కావాలి, షవాలియెకు అది వచ్చు. కోచ్ ముందే గ్లౌజులు చేతిలో పెడుతుంటే వద్దని లీల్‌లో కూర్చునే గోల్‌కీపర్ ఎవరు?

పాత గ్యాలరీ:
మీ ఇద్దరూ ఒక్కణ్ణి పట్టుకునే మాట్లాడుతున్నారు. ఇంకో ఫ్రెంచ్ గోల్‌కీపర్ మైక్ మేన్యాన్‌ను చూడండి. పీఎస్‌జీ అకాడమీలో పెరిగి, అక్కడ ఒక్క లీగ్ మ్యాచ్ కూడా ఆడకుండా 2015లో లీల్‌కు వెళ్లాడు. అక్కడ రెండేళ్లు మొదటి గోల్‌కీపర్ ఎన్యెమా వెనక ఓపిగ్గా ఉన్నాడు. 2017లో మొదటి చోటు దొరికింది. 2020-21లో లీల్ టైటిల్ గెలిచినప్పుడు 38 మ్యాచ్‌లలో 21 క్లీన్ షీట్లు, అంటే ఒక్క గోల్ కూడా వదలనివి. ఆ తర్వాతే మిలాన్, వెళ్లిన మొదటి ఏడాదే ఇటలీ టైటిల్.

ఇంకోవైపు ఆల్బాన్ లాఫోన్. 2015 నవంబరులో తులూజ్ తరఫున 16 ఏళ్లకే దిగాడు. లీగ్‌లో అంత చిన్న వయసు గోల్‌కీపర్ అంతకుముందు లేడు. 19కే ఇటలీలోని ఫియోరెంటీనాకు వెళ్లి, ఏడాదికే ఫ్రాన్స్‌కు తిరిగొచ్చి నాంత్‌లో చేరాడు. 2022లో కెప్టెన్‌గా ఫ్రెంచ్ కప్ ఎత్తాడు నిజమే, కానీ ఆ పదహారేళ్ల కుర్రాణ్ణి చూసి మేం ఊహించుకున్నది అంతకన్నా చాలా పెద్దది. తొందరపడితే జరిగేది ఇదే.

కుడిపోస్టు:
లాఫోన్ ఉదాహరణ ఇక్కడ అతకదు. అతను వెళ్లింది పరాయి దేశానికి, పరాయి భాషలోకి, ఇరవై కూడా నిండకుండా. షవాలియె వెళ్లింది అదే లీగ్‌లో ఇంకో క్లబ్బుకు, మూడు సీజన్లు లీల్ గోల్ కాసిన తర్వాత. గోల్‌కీపర్ ముందున్న డిఫెండర్ల మీద అరుస్తూ ఉండాలి, ఏ భాషలో అరుస్తాడన్నది చిన్న సంగతి కాదు.

మేన్యాన్ విషయంలో మీరు ఓపిక అంటున్నారు, నాకు కనిపించేది వేరు. పీఎస్‌జీలో ఆట దొరకదని తెలిసి 20 ఏళ్లకే ఆట దొరికే చోటు వెతుక్కుంటూ బయటపడ్డాడు. షవాలియె వాలెన్సియెన్ వెళ్లిందీ అందుకే. యువ గోల్‌కీపర్ ఎదిగేది పాయింట్లు పోయే మ్యాచ్‌లలోనే, ప్రాక్టీస్ మైదానంలో కాదు. కార్నర్‌కు ముందుకు రావాలా వద్దా అన్న నిర్ణయం తప్పైతే సోమవారం పేపర్లో పేరు పడుతుందన్న భయం ప్రాక్టీసులో ఎలా వస్తుంది?

వింగ్‌బ్యాక్:
మీ లెక్క ప్రకారమే అడుగుతాను. 2025 డిసెంబరులో షవాలియె చీలమండ గాయంతో బయట ఉన్నప్పుడు పీఎస్‌జీ ఇంకో గోల్‌కీపర్ సఫోనోవ్ దిగాడు. బ్రెజిల్ క్లబ్బు ఫ్లమెంగోతో ఇంటర్‌కాంటినెంటల్ కప్ ఫైనల్ షూటౌట్‌లో నాలుగు పెనాల్టీలు ఆపాడు. నాలుగు! పీఎస్‌జీలో పోటీ అంటే ఇది. లీల్‌లో రెండు వారాలు గాయపడితే చోటు ఎక్కడికీ పోయేది కాదు. ఇక్కడ పోవచ్చు. అప్పుడు మీరన్న ఆ మ్యాచ్‌లు ఎక్కణ్ణుంచి వస్తాయి?

కుడిపోస్టు:
సరైన చోట పట్టుకున్నారు. ఈ థ్రెడ్‌లో నాకు నిజంగా ఆందోళన కలిగించిన మాట ఇదొక్కటే. తప్పుల గురించి నాకు బెంగ లేదు. 2025 నవంబరులో బాకూలో (అజర్‌బైజాన్) ఫ్రాన్స్ 3-1తో గెలిచిన మ్యాచ్‌లో జాతీయ జట్టుకు కూడా ఆడాడు, అప్పటికి పైవాళ్ల నమ్మకం అలాగే ఉంది. బెంచ్ గురించే భయం. ఒప్పందం 2030 దాకా ఉంది, అన్నేళ్లు రెండో గోల్‌కీపర్‌గా ఉంటానంటే నేనే మొదట వద్దంటాను. వెళ్లింది మొదటి చోటు కోసం. ఆ చోటు ఒక పూర్తి సీజన్ చేజారితే లోన్ అడగాలి. రెండో డివిజన్‌కు వెళ్లొచ్చినవాడికి అందులో నామోషీ ఏమీ లేదు. అప్పుడు కూడా, 2025 ఆగస్టులో వెళ్లడం తప్పని మాత్రం నేను అనను.