గోండుల ‘సగ’ను తెలుగులో ఏమని రాయాలి?

ప్రశ్న:
ఉట్నూరు వైపు ఆశ్రమ పాఠశాలల్లో చదివే గోండు పిల్లల కుటుంబాల మీద ఒక అధ్యయనానికి తెలుగు ప్రశ్నావళి తయారవుతోంది. అందులో ‘సగ’ అన్న గోండి మాట ఉంది. తెలుగు చిత్తుప్రతిలో ఒకరు దాన్ని ‘గోత్రం’ అన్నారు, ఇంకొకరు ‘వంశం’ అన్నారు. తెలుగు నిఘంటువుల్లో దగ్గరగా కనిపించేది ‘సగము’ ఒక్కటే. ఈ రెంటికీ చుట్టరికం ఉందా? గోత్రం అని రాస్తే వచ్చే నష్టమేమిటి?

మొదటి జవాబు:
సగానికీ దీనికీ సంబంధం లేదండి. ఇది ఉత్తరాది మాట. హిందీలో ‘సగా భాయి’ అంటే తోడబుట్టినవాడు. మరాఠీలో ‘సగేసోయరే’ అనే జంటమాట ఉంది. సగే అంటే అయినవాళ్లు, సోయరే అంటే వియ్యంవైపు వాళ్లు. మూలం సంస్కృతంలోని ‘స్వక’, అంటే ‘తనది’. ఛత్తీస్‌గఢీలో ‘సగా’ అంటే చుట్టం, ఇంటికి వచ్చిన బంధువు.

ఆదిలాబాద్ గోండులు ఆ మాటకు చాలా కచ్చితమైన అర్థం ఇచ్చుకున్నారు. తమ ఆదిగురువు పహండి కుపార్ లింగల్ తమ పూర్వీకులను నాలుగు వర్గాలుగా విడదీశాడని వాళ్ల పురాణం చెబుతుంది. నలుగురు అన్నదమ్ములది నాల్వేన్ సగ, ఐదుగురిది సివేన్, ఆరుగురిది సార్వేన్, ఏడుగురిది యేర్వేన్. ఒక్కో సగలో ఎన్నో ఇంటిపేర్లు ఉంటాయి. గోండిలో ఇంటిపేరు స్థాయి వర్గాన్ని ‘పరి’ అంటారు. ఇంటిపేర్లు వేరైనా సగ ఒకటే అయితే అన్నదమ్ముల వరస, పెళ్లి కుదరదు. వేరే సగవాళ్లతోనే వియ్యం.

రెండో జవాబు:
‘సగ’ అరువు మాటే కానీ, ముందున్న సంఖ్యలు తెలుగువాళ్లు తప్పక చూడాల్సినవి. గోండిలో వస్తువులను నాలుంగ్, సైయుంగ్, సారుంగ్, యేడుంగ్ అని లెక్కిస్తారు. మగవాళ్లను లెక్కపెట్టేటప్పుడు నాల్విర్, సైవిర్, సార్విర్, యేడ్విర్ అవుతాయి. మన పాత కావ్యభాషలోని నల్వురు, ఏవురు, ఆర్వురు, ఏడ్వురు వీటి పక్కన పెట్టి చదవండి. తెలుగు, గోండి దక్షిణ మధ్య ద్రావిడం అనే ఒకే శాఖవి కాబట్టి ఈ పోలిక యాదృచ్ఛికం కాదు.

ఐదు, ఆరు దగ్గర మాత్రం గోండిలో మొదట ‘స’ ఉంది, మనకు లేదు. ఆ ‘స’ గోండి కొత్తగా చేర్చుకున్నది కాదు. మూల ద్రావిడంలో ఈ మాటల మొదట ‘చ’ ఉండేది. తెలుగు, తమిళం దాన్ని పోగొట్టుకున్నాయి, ఆదిలాబాద్ గోండి ‘స’గా నిలుపుకుంది. అలాగే ఉప్పును గోండిలో ‘సొవర్’ అంటారు, ‘ఇచ్చు’కు ధాతువు ‘సీ’. దక్షిణం వైపు గోండి మాండలికాల్లో ఈ ‘స’ కాస్తా ‘హ’ అయి, కొన్నిచోట్ల పూర్తిగా జారిపోయింది. సొవర్, హొవర్, ఒవర్ మూడూ నేటికీ వాడుకలో ఉన్నాయి. ఈ మార్పు మాట మాటగా ఎలా పాకిందో భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు 1998లో ఒక వ్యాసంలో వివరంగా చూపించారు.

ఇది ప్రశ్నావళికి కూడా అవసరమే. ఆదిలాబాద్‌లో పనికొచ్చిన గోండి వాక్యాన్ని గోదావరి దిగువన కోయ గూడేల్లో యథాతథంగా చదవకూడదు. కోయలూ గోండులూ తమను తాము పిలుచుకునే పేర్లు ఒకే మూలం నుంచి వచ్చినవైనా, మాండలికం వేరు.

అడిగినవారు:
ధన్యవాదాలు. మరి యేర్వేన్ అనాలా, యేడ్వేన్ అనాలా? రెండూ అచ్చులో కనిపిస్తున్నాయి.

రెండో జవాబు ఇచ్చినవారు:
రెండూ ఒకటే. అక్కడి ధ్వనిలో నాలుక వెనక్కి మడిచి ఒక్కసారి కొడతారు. దేవనాగరిలో డ కింద చుక్క పెట్టి రాస్తారు, తెలుగు లిపిలో దానికి అక్షరం లేదు. అందుకే ఒకరు ‘ర’ అని, ఒకరు ‘డ’ అని రాస్తారు. 1943లో ఆదిలాబాద్ ప్రాంతంలోని మార్లవాయిలో మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ చొరవతో గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలైనప్పుడు వాచకాలు దేవనాగరిలో వచ్చాయి. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గోండి, కోయ, కొలామీ, సవర సహా 8 భాషల్లో ప్రాథమిక తరగతులకు మొదలైన బహుభాషా బోధనలో పుస్తకాలు తెలుగు లిపిలో వేశారు. లిపి మారినప్పుడల్లా వర్తని మారింది. మీ పట్టికలో ఒక రూపం ఎంచుకోండి, రెండోది పక్కన తప్పక నమోదు చేయండి. లేకపోతే కంప్యూటర్ అదే సగను రెండుగా లెక్కేస్తుంది. మెస్రం, మేశ్రాం, సిడాం, సీడాం వంటి ఇంటిపేర్లకూ ఇదే చేయాలి.

మూడో జవాబు:
గోత్రం విషయానికి వస్తాను, అసలు నష్టం అక్కడే ఉంది. మధ్యప్రదేశ్‌లో గోండుల గురించి హిందీలో రాసేవాళ్లు ‘గోత్ర్’ అన్న మాటను ఇంటిపేరు స్థాయికి వాడతారు, అంటే పరికి. సగ స్థాయిని అక్కడ దేవుళ్ల లెక్కతో చెబుతారు: ‘ఛహ్ దేవ్’, ‘సాత్ దేవ్’, అంటే ఆరు దేవుళ్లు, ఏడు దేవుళ్లు. మీరు సగకు గోత్రం అని పేరు పెడితే, జవాబుగా కొందరు ఇంటిపేరు చెబుతారు, కొందరు సంఖ్య చెబుతారు. ఒకే గడిలో రెండు అంతస్తుల సమాచారం పడుతుంది. ఇంటికి తిరిగొచ్చాక దాన్ని విడదీయడం కుదరదు.

‘సగ’ను సగగానే ఉంచండి. గోత్రం, వంశం, శాఖ ఏదీ వద్దు. పైన అన్నదమ్ములతో చెప్పిన ఆ సంఖ్యనే దేవుళ్ల లెక్కతో అడగండి: ‘మీది ఎన్ని దేవుళ్ల సగ? నాలుగా, ఐదా, ఆరా, ఏడా?’ తర్వాత వేరే గడిలో ఇంటిపేరు. పుస్తకంలోని జాబితా చూసి ఇంటిపేరును బట్టి సగను మీరే నింపడం మాత్రం చేయకండి. ఒకే పరి ఒక ప్రాంతంలో ఆరింటిలో, ఇంకో ప్రాంతంలో ఏడింటిలో లెక్కకు వస్తుంది.

ఇంటిపేరును బట్టి తెగను ఊహించడం ఇంకా పెద్ద పొరపాటు. గోండులకు కిక్రీ అనే తీగవాద్యం వాయిస్తూ వంశగాథలు పాడే పర్ధాన్లకూ అవే ఇంటిపేర్లు ఉంటాయి. విదర్భలో మేశ్రాం అన్నది గోండులు కానివాళ్లలోనూ మామూలే. తెగ, సగ, పరి మూడూ విడివిడిగా అడగాల్సిందే.

పెళ్లయిన స్త్రీల దగ్గర పుట్టింటి సగ, మెట్టినింటి సగ రెండూ రాసుకోండి. కేస్లాపూర్ నాగోబా జాతరలో మెస్రం ఇళ్ల కొత్త కోడళ్లను తెల్లచీరల్లో దేవుడికి పరిచయం చేసే ‘భేటింగ్’ ఉంది కదా, దానితోనే వాళ్లు ఆ వంశం పూజల్లోకి వస్తారు. కోడలిని గోండిలో ‘కోరియార్’ అంటారు, మన ‘కోడలు’కు తోబుట్టువు. ‘మీ సగ ఏది?’ అని ఒక్క ప్రశ్నే అడిగితే ఆమె ఏ ఇంటిది చెప్పిందో మీకు తెలియదు.

అడిగినవారు:
అధ్యయనం చదువు గురించి. సగ, పరి రెండూ నిజంగా అవసరమా, ఒకటి తీసేయవచ్చా అని బృందంలో చర్చ నడుస్తోంది.

మూడో జవాబు ఇచ్చినవారు:
తీయకండి. ఆ రెండు గడులు రెండు వేర్వేరు పనులు చేస్తాయి. పెర్సపేన్, అంటే పెద్దదేవుడి పూజ పరి చుట్టూ తిరుగుతుంది. పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో ప్రధాన బాధ్యత మెస్రం వాళ్లది. అప్పుడు హాజరుపట్టీలో మెస్రం పిల్లలకు వరుసగా గైర్హాజరు పడితే, పరి గడి ఉంటేనే కారణం కనిపిస్తుంది. లేకపోతే నివేదికలో అది ‘చదువు పట్ల అనాసక్తి’ అయిపోతుంది. పిల్లల పేరు మీద అంత అన్యాయమైన మాట అచ్చవుతుంది. పెళ్లి సంబంధాలు మాత్రం సగను బట్టి నడుస్తాయి. పెళ్లి వయసుకు వచ్చిన ఆడపిల్లలు ఎక్కడ బడి మానుతున్నారు, ఏ ఊళ్లకు వెళ్తున్నారు అన్నది చూడాలంటే సగ కావాలి.

నాలుగో జవాబు:
‘మీకు అన్నదమ్ములు ఎంతమంది?’ అన్న ప్రశ్న కూడా మీ ప్రశ్నావళిలో ఉండి ఉంటుంది. దాన్ని మార్చండి. తమ్ముడిని గోండిలో ‘తమ్ముర్’ అంటారు కనుక అనువాదం సులువుగా కుదిరినట్టు కనిపిస్తుంది, కానీ ఆ వరస ఒక ఇంటితో ఆగదు. పెదనాన్న, చిన్నాన్న కొడుకులే కాదు, ఒకే సగకు చెందిన ఈడువాళ్లూ అందులోకి వస్తారు. సంఖ్య పెరిగి, కుటుంబ పరిమాణం తప్పుగా తేలుతుంది. ‘నీ అమ్మ కన్న పిల్లలు మొత్తం ఎంతమంది, నీతో కలిపి?’ అని అడగండి. ‘నీతో కలిపి’ అన్న ముక్క వదలొద్దు. అది లేకపోతే కొందరు తమను లెక్కలో వేసుకుంటారు, కొందరు వేసుకోరు.

అడిగినవారు:
ఇలా మార్చాం: ‘తెగ. సగ, ఎన్ని దేవుళ్లు: 4, 5, 6, 7, చెప్పలేదు. ఇంటిపేరు, విన్నట్టుగా. తల్లి పుట్టింటి సగ.’ సరిపోతుందా?

మూడో జవాబు ఇచ్చినవారు:
బాగుంది. ‘చెప్పలేదు’ పక్కన ‘తెలియదు’ వేరేగా పెట్టండి. హాస్టల్ పిల్లల్లో సగ తెలియని వాళ్లు ఎంతమందో తేలడం కూడా మీ అధ్యయనంలో భాగమే. ఆ పిల్లల విషయంలో ఇంటి పెద్దలను అడిగి, జవాబు ఎవరు చెప్పారో అదే వరుసలో రాయండి.