రోటవేటర్ షాఫ్ట్ గార్డు పగిలిపోయింది: అది లేకుండా దమ్ము చేయవచ్చా?

ప్రశ్న (కోవూరు ప్రాంత రైతు):

పెద్దలందరికీ నమస్కారం. కోవూరు దగ్గర మాకు ఎనిమిది ఎకరాల మాగాణి ఉంది. సొంత ట్రాక్టరు, దాని వెనక తగిలించి మట్టిని కలియదున్నే రోటవేటర్ ఉండటంతో మా కయ్యలతో పాటు చుట్టుపక్కల వారి కయ్యలకు కూడా దమ్ము చేస్తుంటాము. పీటీవో (ఇంజను శక్తిని పనిముట్లకు అందించడానికి ట్రాక్టరు వెనక తిరిగే కడ్డీ) నుంచి రోటవేటర్‌కు వెళ్లే జాయింట్ షాఫ్ట్ మీది ప్లాస్టిక్ గార్డు పోయిన సీజనులో పగిలిపోగా, మిగిలిన ముక్కను మా డ్రైవరు ఊడదీసి షెడ్డులో పడేశారు. గార్డు ఉంటే గ్రీజు కొట్టడం కష్టమనీ, బురద చేరి బిగుసుకుపోతుందనీ, తాను నడిపిన ఏ బండికీ అది ఏడాదికి మించి నిలవలేదనీ ఆయన అంటున్నారు. ఆయన నాకంటే వయసులోనూ అనుభవంలోనూ పెద్దవారు కావడంతో గట్టిగా చెప్పలేకపోతున్నాను. అయితే మొన్న మధ్యాహ్నం భోజనం తెచ్చిన మా అబ్బాయి, ఇంజను నడుస్తుండగానే వచ్చి బండికీ రోటవేటర్‌కీ మధ్య నిలబడటం చూసిన దగ్గర నుంచి నా మనసు స్థిమితంగా లేదు. ఎడగారు (రెండో పంట) దమ్ములు మొదలుకాక ముందే ఏం చేయాలో దయచేసి తెలియజేయండి.

సమాధానం (దర్శి వైపు మెట్ట రైతు):

తమ్ముడూ, గార్డు లేకుండా ఆ బండిని ఇక ఒక్క గంట కూడా నడపవద్దు. ఆరేళ్ల కిందట శనగ నూర్పిడి రోజున నాకు జరిగినది చెబుతాను. ట్రాక్టరు ఒక పక్క, నూర్పిడి యంత్రం ఒక పక్క, నడుమ నడుము కిందికి ఉండే ఎత్తులో షాఫ్ట్ తిరుగుతోంది. గోనె సంచులు కళ్లానికి అవతలి వైపు ఉన్నాయి. యంత్రాన్ని చుట్టి వెళితే పదిహేను అడుగులు ఎక్కువ నడవాలి. ఆ కాస్త నడక తప్పించుకోవడానికి, అంతకుముందు ఎన్నోసార్లు చేసినట్టే, షాఫ్ట్ మీదుగా కాలు వేశాను. గాలికి భుజం మీది కండువా అంచు జారి జాయింటు దగ్గర తగిలింది. చేతితో లాక్కుందామన్న ఆలోచన పుట్టేలోపే కండువాతో పాటు కుడి చెయ్యి కూడా అటు వెళ్లిపోయింది. అది నేత కండువా, పాతది కావడంతో చిరిగింది. లేకపోతే ఇది రాయడానికి నేను ఉండేవాణ్ణి కాదు. మోచేతి కింద ఎముక రెండు చోట్ల విరిగి, చర్మం ఊడి, ఇప్పటికీ ఆ చేతితో బిందె ఎత్తలేను.

ఆ పూట నన్ను కాపాడింది మా పెద్దవాడు. వాడు గుడ్డను లాగడానికి ప్రయత్నించకుండా నేరుగా ట్రాక్టరు దగ్గరకు పరుగెత్తి స్టాప్ నాబ్ లాగాడు, ఆ తరువాతే నా దగ్గరకు వచ్చాడు. అందువల్ల డ్రైవరుకే కాక కళ్లంలో పని చేసే ప్రతి ఒక్కరికీ ఇంజను ఆపే నాబ్ ఎక్కడ ఉందో చూపించండి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టుకుని 108కి ఫోను చేయాలి.

అప్పటి నుంచి మా కళ్లంలో పని మొదలుపెట్టే ముందే సంచులు, నీళ్ల బిందె, కాటా అన్నీ ఒకే వైపు పెట్టిస్తున్నాను. దాటవద్దని ఎన్నిసార్లు చెప్పినా, అవతల పని ఉంటే మనిషి దాటుతాడు.

సమాధానం (ఒంగోలులో పనిముట్ల మరమ్మతు చేసే వ్యక్తి):

మీ డ్రైవరుగారు చెప్పిన ఇబ్బందులు నిజమైనవే. అయితే వాటికి మందు గార్డు తీసేయడం కాదు. ముందుగా వేగం సంగతి చూడండి. మన ట్రాక్టర్లలో పీటీవో సాధారణంగా నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకు 9 చుట్లు. షాఫ్ట్ గొట్టం 5 సెంటీమీటర్ల లావు ఉందనుకుంటే ఒక్కో చుట్టుకు దాదాపు 16 సెంటీమీటర్ల గుడ్డ చుట్టుకుంటుంది, ఆ లెక్కన రెండు మీటర్ల లుంగీ మొత్తం ఒకటిన్నర సెకను లోపే లోపలికి పోతుంది. గుడ్డ పొర మీద పొర పడే కొద్దీ లావు పెరిగి ఇంకా వేగంగా లాగుతుంది. ఇంజను ఐడిల్‌లో ఉన్నా షాఫ్ట్ సెకనుకు మూడు నాలుగు చుట్లు తిరుగుతూనే ఉంటుంది కనుక, నెమ్మదిగానే తిరుగుతోందిలే అనుకోవడానికి లేదు.

గార్డు అసలు షాఫ్ట్‌తో పాటు తిరగకూడదు. లోపల ఉండే నైలాన్ బేరింగు రింగుల మీద అది విడిగా నిలబడుతుంది, చివర ఉండే సన్నని గొలుసులను ట్రాక్టరుకు ఒకటి, రోటవేటర్‌కు ఒకటి తగిలిస్తే కదలకుండా ఉంటుంది. నా దగ్గరకు వచ్చే బండ్లలో గొలుసు తగిలించి ఉన్నవాటిని చాలా అరుదుగా చూస్తున్నాను, గార్డులు ఏడాదికే పగలడానికి ఇదే ముఖ్య కారణమని నా అభిప్రాయం. ఇంజను ఆపి, తాళం చెవి తీసి, చేతితో గార్డును తిప్పి చూడండి. అది సులువుగా తిరగాలి. బురదకు బిగుసుకుపోయి షాఫ్ట్‌తో కలిసి తిరిగే గార్డు ఉన్నా లేనట్టే. దమ్ము అయిన ప్రతి రోజూ నీళ్లు కొట్టి కడిగి, సుమారు 8 గంటల పనికి ఒకసారి జాయింట్ల లోపలి క్రాసులకూ ఈ బేరింగు రింగులకూ గ్రీజు పెట్టండి. గ్రీజు గన్నుకు పొడవైన రబ్బరు గొట్టం వేసుకుంటే గార్డు ఊడదీయకుండానే గ్రీజు ఎక్కించే నిపుల్ అందుతుంది.

కొత్త గార్డు కొనడానికి వెళ్లేటప్పుడు షాఫ్ట్‌ను పూర్తిగా మూసి పొడవు కొలుచుకుని, లోపలి గొట్టం త్రికోణమా, నిమ్మకాయ ఆకారమా అన్నది చూసుకుని వెళ్లండి. రెండు చివర్లా జాయింట్లను కప్పే గిన్నెలాంటి భాగం తప్పకుండా ఉండాలి, ఎందుకంటే గుడ్డ మొదట తగులుకునేది అక్కడే. ట్రాక్టరు వైపు పీటీవో మొదలు మీద ఉండే ఇనుప కప్పును కూడా చాలామంది తీసేస్తారు, అది మళ్లీ పెట్టించండి. షాఫ్ట్‌ను బిగించే పిన్ను పోయిందని పొడవైన బోల్టు వేసి వాడటం మరీ ప్రమాదం. బయటికి పొడుచుకు వచ్చిన ఆ బోల్టు తల కొక్కెంలా పని చేస్తుంది.

బ్లేడ్లకు చుట్టుకున్న గడ్డి తీయాలంటే రోటవేటర్‌ను నేల మీదికి దించి, పీటీవో లివరు న్యూట్రల్ చేసి, ఇంజను ఆపి, తాళం జేబులో వేసుకుని, షాఫ్ట్ పూర్తిగా ఆగిందని కళ్లతో చూశాకే కిందికి వంగాలి. నూర్పిడి యంత్రాలకైతే బరువైన చక్రం ఉండటం వల్ల పీటీవో తీసిన తరువాత కూడా షాఫ్ట్ కొంతసేపు తిరుగుతూనే ఉంటుంది. నూర్పిడి యంత్రాల ప్రమాదాల కోసమే కేంద్రం 1983లో ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం తెచ్చింది. డ్రైవరు ఎంత పెద్దవారైనా బండి మీది, ఈ విషయంలో నిర్ణయం మీరే తీసుకోవాలి.

సమాధానం (కొండపి నుంచి, కూలీల మేస్త్రీ):

అన్నగారూ, ఆడవాళ్ల సంగతి ఎవరూ రాయలేదు కాబట్టి చెబుతున్నాను. మా జట్టులో అందరం చీర మీద పొడుగు చేతుల చొక్కా వేసుకుంటాము. నూర్పిడికి వెళ్లినప్పుడు కొంగును నడుముకు చుట్టి చొక్కా లోపల దోపుకుని, జడను ముడి వేసి తలగుడ్డ కట్టుకున్న తరువాతే యంత్రం దగ్గరకు వెళ్లనిస్తాను. చొక్కా బొత్తాలు ఊడిపోయి ఉంటే పిన్నీసు పెట్టిస్తాను. షాఫ్ట్‌కు గార్డు లేని కళ్లంలో పని ఒప్పుకోవడం నిరుటి నుంచి మానేశాము. మొదట్లో ఒకరిద్దరు ఆసాములు కోప్పడినా, తరువాత వారే గార్డు పెట్టించి కబురు చేశారు.

ప్రశ్న అడిగిన రైతు:

అందరికీ కృతజ్ఞతలు. దర్శి అన్నగారు రాసినది మా డ్రైవరుగారికి చదివి వినిపించాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, సాయంత్రం తానే టేపు తెచ్చి షాఫ్ట్ కొలిచారు. మాది త్రికోణం గొట్టం, రేపు నెల్లూరు వెళ్లి గార్డు తెస్తాము. మా అబ్బాయి ఇకమీదట క్యారియరు గట్టు మీద పెట్టి కేక వేయాలని, ఇంజను ఆగిన తరువాత మేమే గట్టు దగ్గరకు రావాలని అనుకున్నాము. ఒక్క సందేహం మిగిలింది: రోటవేటర్‌ను పైకి ఎత్తినప్పుడు గొలుసు బిగిసి తెగదా?

సమాధానం (ఒంగోలు మరమ్మతు వ్యక్తి):

ఇంజను ఆపి ఉన్నప్పుడు రోటవేటర్‌ను పూర్తిగా ఎత్తిన స్థితిలో ఒకసారి, పూర్తిగా దించిన స్థితిలో ఒకసారి గొలుసు తగిలించి చూడండి. రెండు స్థితుల్లోనూ బిగుసుకోకుండా, అలాగని షాఫ్ట్‌కు చుట్టుకునేంత వదులు కాకుండా ఉన్న కొక్కెం దగ్గరే తగిలించండి. గట్ల దగ్గర మలుపు తిప్పేటప్పుడు పీటీవో తిరుగుతుండగా రోటవేటర్‌ను మరీ ఎత్తుకు లేపవద్దు, క్రాసులు విరిగేది ఎక్కువగా అప్పుడే.